పొలంలో పొగగొట్టం

విశాఖపట్నపు విద్యార్థికి పొగగొట్టం వింత వస్తువు కాదు. రేవు వైపు చూచినా, గాజువాక దాటి ఉక్కునగరం వైపు చూచినా, ఆకాశానికి గీటు పెట్టినట్లు నిలిచి ఉండేవి అవే. 1971లో శంకుస్థాపన జరిగిన ఆ ఉక్కు కర్మాగారపు నేల అంతకుముందు పల్లెలదని, అక్కడ దున్నినవారి మనుమలు నేడు మన తరగతులలో కూర్చొని ఉండవచ్చునని మాత్రం మనకు తరచుగా స్ఫురించదు. పొలం వేరు, పొగగొట్టం వేరు. ఒకటి ఉన్నచోట రెండవది ఉండదన్న భావం మన మనస్సులలో అంతగా స్థిరపడిపోయింది.

అందుచేతనే కాబోలు, గత విద్యాసంవత్సరంలో ఒకనాడు మేము గ్రంథాలయంలోని కంప్యూటరు తెరపై ఒక పాత ఆంగ్ల గ్రంథపు పటాలను పరిశీలిస్తూ ఉండగా, వెనుక నిలిచి చూస్తున్న విద్యార్థి ఒకడు "ఇది ఏ మిల్లు సార్?" అని అడిగాడు. పొడవైన ఇటుక గోడలు, వరుస తప్పని కిటికీలు, ఒక కొసన పొగగొట్టం. మిల్లు అనుకొనడం సహజమే. కాని అది మిల్లు కాదు. కళ్ళం, గాదె, పశువుల కొట్టం, పెంటదొడ్డి అన్నీ ఒక కప్పు వరుస క్రిందికి తెచ్చి కట్టిన రైతు లోగిలి. బెయిలీ డెంటన్ అనే ఇంజనీరు ఇంగ్లాండులోని మేలైన వ్యవసాయశాలల పటాలను సేకరించి 1863లో ప్రకటించిన గ్రంథం అది. విక్టోరియా రాణి కాలంలో ఇటువంటి వాటిని ఆదర్శ వ్యవసాయక్షేత్రాలు అనేవారు.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవారికి ఆంగ్లేయుల పశువుల కొట్టాలతో పనియేమని మా ఉర్దూ శాఖ మిత్రులు పరిహసించారు. ఆ ప్రశ్నకు సమాధానం మా పితామహుల చేతివేళ్ళలో ఉన్నది. దానిని తగినచోట విన్నవించుకుంటాము.

ఆవిరి రాకముందు వ్యవసాయపు శ్రమలో పెద్ద పాలు వృత్తంలో నడిచేది. మన కళ్ళం చూడండి. నడుమ గుంజ పాతి, ఎడ్లను బంతి కట్టి, పరచిన పనల మీద చుట్టూ త్రిప్పుతారు. చెరకు గానుగ, నూనె గానుగ కూడ అంతే. ఎద్దు నడిచినంత మేర గుండ్రని బాట, ఆ బాటయే ఆ స్థలానికి కొలత. (మోట తోలే ఎడ్లు మాత్రం ముందుకు వెనుకకు నడుస్తాయి. ప్రతి సిద్ధాంతానికి ఒక మోట అడ్డు వస్తూనే ఉంటుంది.) బ్రిటనులోనూ మొదట ఇదే పద్ధతి. 1786 ప్రాంతంలో స్కాట్లండుకు చెందిన ఆండ్రూ మైకెల్ నూర్పిడి యంత్రాన్ని రూపొందించినప్పుడు దానిని త్రిప్పడానికి గుర్రాలు వృత్తాకారంగా నడవవలసి వచ్చింది. వానకు అవి తడవకుండ ధాన్యశాల గోడకు ఆనించి గుండ్రని ఇంటినో, అష్టభుజి ఇంటినో కట్టేవారు. ఇంగ్లాండు ఉత్తర భాగాన నార్తంబర్లండులో అటువంటి గుండ్రని ఇళ్ళు ఇప్పటికీ నిలిచి ఉన్నవి. వాటి ఛాయాచిత్రాలు చూచినప్పుడు మాకు అనకాపల్లి ప్రాంతపు గానుగ పాకలే గుర్తుకు వచ్చాయి. వాళ్ళది రాయి, మనది తాటాకు. గుర్రమైనా ఎద్దైనా నడక ఒకటే కనుక ఇల్లూ ఒకటే అయింది.

ఆవిరి యంత్రం వచ్చి ఆ గుండ్రని ఇంటిని సరళరేఖగా సాగదీసింది. బాయిలరు ఒక కొసన ఉంటుంది. ఇంజను దాని ప్రక్కన ఉంటుంది. అక్కడి నుండి గోడ వెంబడి ఇనుప షాఫ్టు తిన్నగా సాగిపోతుంది. దానికి అక్కడక్కడ చక్రాలు, చక్రాలకు బెల్టులు, బెల్టులకు యంత్రాలు. షాఫ్టు వంగదు కనుక గోడ వంగడానికి వీలులేదు. షాఫ్టు ఎంత పొడవో ఇల్లు అంత పొడవు. నిప్పు, గడ్డి ఒకచోట ఉండరాదు కనుక బాయిలరు గది ప్రత్యేకంగా వెలుపలికి జరిగింది. దానితోబాటు పొగగొట్టమూ వచ్చింది. స్కాట్లండులోని ఈస్ట్ లోథియన్ ప్రాంతపు పొలాలలో ఇటువంటి ఇటుక పొగగొట్టాలు ఇప్పటికీ కొన్ని ఉన్నవి. ఇంజను పోయి ఎంతకాలమైనదో, క్రింద ఆవులు మేస్తూ ఉంటాయి.

ఈ లోగిళ్ళ పటంలో మమ్మల్ని మిక్కిలి ఆకర్షించినది గడ్డి చేసే ప్రయాణం. సాధారణంగా ఉత్తరపు వైపున ఎత్తయిన నూర్పిడిశాల ఉంటుంది. చలిగాలిని అది అడ్డుకుంటుంది. దానికి దక్షిణంగా, ఎండ తగిలేటట్లు, పశువుల దొడ్లు పరచుకొని ఉంటాయి. పనలు పై అంతస్తులో యంత్రపు నోటికి అందుతాయి. గింజ గాదెకు పోతుంది. గడ్డి తన బరువుకు తానే జారి నడుమనున్న గడ్డికొట్టులో పడుతుంది. అక్కడి నుండి నాలుగడుగులు వేస్తే పశువుల దొడ్డి. అదే షాఫ్టు గడ్డిని ముక్కలుగా కోస్తుంది, దుంపలను తరుగుతుంది, తెలకపిండి బిళ్ళలను నలుగగొడుతుంది. కొన్ని చోట్ల బాయిలరు ఆవిరితోనే పశువుల దాణా ఉడికించేవారు. గడ్డి పశువు క్రింద పరుపై, పరుపు ఎరువై, ఎరువు బండి ఎక్కి తిరిగి పొలానికి పోతుంది. గోడలు ఎక్కడ లేవాలో నిర్ణయించినది వాస్తుశిల్పి అభిరుచి కంటె ఆ గడ్డి నడిచే త్రోవయే. ర్యాడ్నర్ ప్రభువు కోసం జార్జి లాంబ్ కోల్స్‌హిల్ వద్ద 1852–54లో కట్టిన లోగిలిలో భూమి వాలును కూడ పనికి పెట్టారు. పైన దిగిన సరుకు మెట్టుమెట్టుగా క్రిందికి దిగి వస్తుంది. కూలి ఖర్చు లేని ఏకైక కూలి భూమ్యాకర్షణ కదా!

1846లో ఇంగ్లాండులో ధాన్యపు దిగుమతులను అడ్డే చట్టాలు రద్దయ్యాయి. చౌక ధాన్యం వచ్చి పడుతుందన్న భయంతో భూస్వాములు మాంసం, ఎరువు, యంత్రం మీద పెట్టుబడి పెంచారు. రాణిగారి భర్త ఆల్బర్టు విండ్సరు వద్ద కట్టించాడు. నేలర్ అనే లివర్‌పూలు బ్యాంకరు వేల్సులోని లేటన్‌లో మరింత ఆర్భాటంగా కట్టించాడు. వీటిలో కొన్నింటికి పెట్టిన సొమ్ము ఏనాటికీ పొలం మీద తిరిగి వచ్చి ఉండదని మా అభిప్రాయం. ఇంతలో చక్రాల మీద నడిచే ఇంజను వచ్చింది. కుప్ప ఉన్నచోటికే యంత్రం పోయి, బాడుగకు నూర్చి, మరొక పొలానికి వెళ్ళడం సాగిన తరువాత, ఇంజను కోసం కట్టిన ఇల్లు బోసిపోయింది. 1870ల నడుమ నుండి ధాన్యపు ధరలు పడిపోవడంతో ఆ ముచ్చట ముగిసింది.

ఇంతవరకు చెప్పినది పరదేశపు కథ. ఈ ఆదర్శక్షేత్రపు ఊహ ఓడనెక్కి మన తీరానికీ వచ్చింది.

అప్పుడు విశాఖపట్నం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. 1861 నుండి 1866 వరకు గవర్నరుగా ఉన్న సర్ విలియం డెనిసన్ స్వతహాగా సైనిక ఇంజనీరు. బెయిలీ డెంటన్ గ్రంథం అచ్చయిన 1863వ సంవత్సరంలోనే ఆయన ఇంగ్లాండు నుండి ఆవిరి నాగళ్ళు, దంతెలు, విత్తే గొర్రులు, నూర్పిడి యంత్రాలు, తూర్పారబట్టే యంత్రాలు, గడ్డి కోసే యంత్రాలు, నీరు తోడే సాధనాలు తెప్పించాలని తలపెట్టాడు. వాటిని ప్రయోగించి చూపడానికి 1865లో మద్రాసు చెంత సైదాపేటలో 350 ఎకరాలు కేటాయించి ఆదర్శక్షేత్రం నెలకొల్పారు. 1876లో అక్కడే వ్యవసాయ పాఠశాల తెరిచారు. తెలుగు జిల్లాలకూ అరవ జిల్లాలకూ కలిపి వ్యవసాయవిద్య నేర్పిన చోటు అది. ఆ విద్యాసంస్థ 1906లో కోయంబత్తూరుకు తరలిపోయింది. పాఠశాల తెరిచిన 1876వ సంవత్సరమే మద్రాసు రాజధానిని మహా కరవు పట్టుకొన్న సంవత్సరమని జ్ఞాపకం చేసుకుంటే, ఆ ఇనుప నాగళ్ళు మన కన్నులకు మరొక విధంగా కనబడతాయి.

ఆవిరి నాగలి రైతులలో వ్యాపించలేదు. కారణం చెప్పడానికి పాండిత్యం అక్కరలేదు. జాన్ ఫౌలర్ అనే ఆంగ్లేయుడు 1858లో అక్కడి రాజకీయ వ్యవసాయ సంఘం వారి 500 పౌన్ల బహుమతి పొందిన పద్ధతి ఇనుప త్రాటిది. ఆవిరి ఇంజను పొలం గట్టున నిలిచి ఉంటే త్రాడు నాగలిని ఇటునుండి అటు, అటునుండి ఇటు లాగుతుంది. తరువాత రెండు గట్లకూ రెండు ఇంజన్లు నిలిపారు. టన్నుల కొద్దీ బరువున్న ఇంజను నిలవడానికి గట్టి గట్టు ఉండాలి, త్రాడు పారాడడానికి అడ్డులేని దీర్ఘమైన పొలం ఉండాలి, కాల్చడానికి బొగ్గు ఉండాలి. మన వరిమడికి నాలుగు ప్రక్కలా గట్టు. గట్టు తీసివేస్తే నీరు నిలవదు, నీరు నిలవకపోతే వరి లేదు. ఆ కాలానికి విశాఖపట్నానికి రైలుబండియే లేదు. ఆ నాగలిలో దోషం లేదు. కాని దాని వెనుక ఇంగ్లాండులో ఒక ఇల్లు, ఒక గని, ఒక వాతావరణం ఉన్నవి. వాటిని ఓడలో తేలేకపోయారు.

1889లో ఇంగ్లాండు నుండి పరిశీలనకు వచ్చిన రసాయనవేత్త వోల్కర్ 1893 నాటి తన నివేదికలో, భారతీయ రైతు ఉత్తమస్థాయిలో సగటు బ్రిటిషు రైతుకు ఏమాత్రం తీసిపోడని, కొన్నింట మించినవాడని చెప్పాడు. ఆ మాట పాతికేళ్ళు ముందు వచ్చి ఉంటే కొంత ఓడకూలి మిగిలేది.

ఇంతలో నిశ్శబ్దంగా నెగ్గిన యంత్రం మరొకటి. బీహారులోని బెహియాలో థామ్సన్, మైల్న్ అనే ఇద్దరు 1870లలో చిన్న ఇనుప చెరకు గానుగను తయారుచేశారు. త్రిప్పేది ఎద్దే, నడిచేది ఆ గుండ్రని బాటే. కొయ్య రోలు స్థానంలో ఇనుప రోలర్లు వచ్చాయి, అంతే. పాక మార్చనక్కర లేదు, పెనం మార్చనక్కర లేదు. రైతు దానిని కొన్నాడు, బాడుగకు తెచ్చుకొన్నాడు. ఇనుప రోలర్ల గానుగలు పాత కొయ్య గానుగలను క్రమంగా పొలాల నుండి తొలగించాయి.

మరి ఆవిరి మన పల్లెలకు రాలేదా? వచ్చింది. బొగ్గు అడగని చోట వచ్చింది. చెరకు పిప్పి కాల్చే చక్కెర మిల్లుగా వచ్చింది. మన దేశపు తొలి సహకార చక్కెర కర్మాగారంగా పేరొందిన ఏటికొప్పాక సంఘం 1933లో ఏర్పడినది మన ప్రాంతంలోనే. అంతకంటె విస్తారంగా వరి ఊక కాల్చే బియ్యపు మిల్లుగా వచ్చింది. వడ్ల బరువులో సుమారు అయిదవ వంతు ఊక. పంట తన పొయ్యిని తానే వెంటబెట్టుకొని వస్తుంది. వడ్లు ఒక ద్వారాన వస్తాయి, బియ్యం మరొక ద్వారాన పోతుంది, ఊక గొట్టం గుండా బాయిలరు వైపు జారుతుంది. ఆంగ్లేయుల లోగిలి పటాన్ని గడ్డి గీసినట్లే, మన బియ్యపు మిల్లు పటాన్ని ఊక గీసింది.

ఈ సంగతి మాకు గ్రంథాల వల్ల తెలియలేదు. మా పితామహులు, మేము దాదా అని పిలిచేవారము, ఈ జిల్లాలోని ఒక పల్లెటూరి బియ్యపు మిల్లులో చాలకాలం ఫైర్‌మన్‌గా పనిచేశారు. మేము ఎరిగేనాటికి ఆ మిల్లులో ఆవిరి లేదు. ఒక పెద్ద విద్యుత్ మోటారు పాత షాఫ్టునే త్రిప్పేది, బాయిలరు గది గోనెసంచుల కొట్టుగా మారింది. మిల్లు ఎట్లా ఉండేదో చెప్పమని బాల్యంలో ఒకసారి అడిగితే, ఆయన పొయ్యిలోని బొగ్గుముక్క తీసి అరుగు మీద ఒక తిన్నని గీత గీశారు. "ఇదే బేటా మిల్లు. మిగతాదంతా దీనికి తొడిగిన చొక్కా" అన్నారు. ఆ తరువాతనే గోడలు, ద్వారాలు, ఊకగొట్టం గీశారు. బెయిలీ డెంటన్ పటాలు మొదటిసారి చూచినప్పుడు మేము అప్రయత్నంగా షాఫ్టు ఎక్కడని వెదికాము. అది దొరికిన మరుక్షణం ఇల్లంతా అర్థమయింది.

చొక్కా బిగువుగా ఉండేది. షాఫ్టుకూ గోడకూ నడుమ మనిషి ప్రక్కకు తిరిగి నడిచేటంత సందు మాత్రమే. బేరింగులకు నూనె పోయడానికి ఆ సందులోనికి వెళ్ళాలి. ఇంజను ఆపితే మళ్ళీ ఆవిరి పట్టడానికి సమయం చాలదు కనుక, తిరుగుతూ ఉండగానే వెళ్ళాలి. మా తండ్రిగారు పుట్టకముందు ఒకనాడు ఆ సందులో బెల్టు దాదా కుడిచేతి రెండు వేళ్ళను తీసుకొన్నది. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఫిర్యాదుగా చెప్పలేదు. అన్నం కలిపేటప్పుడు మూడు వేళ్ళతో కలిపేవారు. నమాజులో వేలెత్తవలసినప్పుడు మిగిలిన మొండివేలినే ఎత్తేవారు. అట్లాగే చేయాలి కాబోలునని మేము చిన్నతనంలో మా వేలిని మడిచి ఎత్తేవారము. అమ్మ చూచి సరిదిద్దింది.

అందుచేత ఆంగ్ల పటాలలో మేము వెదికిన రెండవ వస్తువు ఆ సందు. ఆవుకు ఎన్ని అడుగుల స్థలమో, మేత వేసే నడవ ఎంత వెడల్పో, ఎరువు గుంట ఎంత లోతో చెప్పిన పటాలవి. షాఫ్టుకు నూనె పోసే మనిషి నిలిచే చోటు మాత్రం మేము చూచినంతలో మాకు కనబడలేదు. నూర్పిడి యంత్రపు నోటికి, డ్రమ్ముకు కాపుదల కట్టాలని బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసినది 1878లో. అప్పటికి కోల్స్‌హిల్ లోగిలికి దాదాపు పాతికేళ్ళ వయస్సు. మన ఫ్యాక్టరీల చట్టం 1948లో యంత్రాలకు కంచె ఉండాలన్నది. దాదా పనిచేసిన మిల్లు గోడ ఆ చట్టానికంటె పాతదని ఊరివారు చెబుతారు. చట్టం వచ్చినంత మాత్రాన గోడ ప్రక్కకు జరగదు కదా. ఇంగ్లాండు లోగిలిని మేము ఆదర్శమని ఒప్పుకొనడానికి సందేహించేది ఇక్కడనే. అంత చక్కని లెక్క, గడ్డిపోచను కూడ వృథా పోనివ్వని లెక్క. ఆ లెక్కలో మనిషి చేయి పట్టేటంత ఖాళీ వదలడానికి ఎంత ఇటుక అధికంగా పట్టి ఉండేది?

ఇంజన్ల ప్రక్కన పనిచేసినవారి భాష గురించి ఒక మాట. దాదా ఇంట్లో ఉర్దూ, ఊరిలో తెలుగు మాట్లాడేవారు. మిల్లులో మాట్లాడినది ఆ రెండింటికీ చెందని మూడవ భాష. మిస్త్రీ, కార్ఖానా, ఖలాసీ మన వైపు నుండి పోయినవి. బాయిలరు, షాఫ్టు, గేజి దొరల వైపు నుండి వచ్చినవి. ఊక, తవుడు, నూక రైతు తెచ్చి పెట్టినవి. మన రేవులో ఖలాసీ అన్న మాట నేటికీ వినబడుతుంది. ఆ మాటలను నమోదు చేయాలని ఎం.ఏ. చదివే రోజులలో అనుకొన్నాము. అనుకొనడంలోనే దాదా వెళ్ళిపోయారు.

గత వేసవిలో ఆ ఊరు వెళ్ళి చూచాము. మిల్లు నడవక చాలకాలమైనది. కప్పు రేకులు తీసివేశారు, యంత్రాలు తుక్కుకు పోయాయి, పొగగొట్టం మొదలు మాత్రమే ఉన్నది. పొడవాటి గోడ నిలిచి ఉన్నది. ఆ గోడలో, తల ఎత్తున, షాఫ్టు బేరింగులు కూర్చున్న గూళ్ళు ఏడు వరుసగా ఉన్నవి. ఒక కొస నుండి చూస్తే దారం పట్టినట్లు ఒక్క వరుసలో కనిపిస్తాయి. మూడవ గూటిలో గోరువంక గూడు పెట్టింది. గూళ్ళకు ఎదురుగా బెల్టుల తాకిడికి అరిగి నునుపెక్కిన ఇటుకలు. మేము ఆ సందులో ప్రక్కకు తిరిగి నడిచాము. షాఫ్టు లేకపోయినా చేతులు వెనుకకు పెట్టుకొనే నడిచాము.

స్థలం ప్లాట్లుగా వేయబోతున్నారు. వచ్చే వర్షాకాలం లోపల గోడ తీసివేస్తారని యజమాని చెప్పారు. అంతవరకు వచ్చి కొలుచుకొనడానికి అభ్యంతరం లేదని కూడ అన్నారు. మన కళాశాలలో గీతలు గీయగల విద్యార్థులు ఉన్నారు, ఉర్దూ తెలుగు రెండూ వ్రాయగలవారు ఉన్నారు. ఊరిలో మిల్లు పని ఎరిగిన వృద్ధులు ఇద్దరు ఉన్నారు. వారిలో ఒకరికి చెవులు వినబడవు, ప్రశ్నలు పెద్ద అక్షరాలతో వ్రాసి చూపవలసి ఉంటుంది. పదిమంది విద్యార్థులకు రెండు రోజుల బస్సు ఖర్చు, నూరడుగుల టేపు ఒకటి, గీత కాగితాలు కావాలి. కళాశాల కమిటీ వారు అనుమతిస్తే ఫిబ్రవరి మాసంలో ఏ ఆదివారమైనా బయలుదేరడానికి మేము సిద్ధంగా ఉన్నాము. గోరువంక పిల్లలు ఎగిరిపోయిన తరువాతనైతే మూడవ గూటిని కూడ కొలవవచ్చు.